ఒక ఆంగ్లపదము – మూడు నార్వే క్రియలు

అనువాదకునకు కష్టము కలిగించునవి శాస్త్ర పరిభాషలును, పరదేశపు వస్తువుల పేర్లును అని లోకము సాధారణముగా తలచును. కాని వస్తువు పేరు నిఘంటువు విప్పినచో దొరకును. దొరకనిచో మూలపదమునే యుంచి ముందునకు సాగవచ్చును. నిజమైన చిక్కు పసిబిడ్డలు సైతము దినమునకు నూరుమారులు పలుకు మాటలయందున్నది. అట్టి మాట యెన్ని పనులు చేయుచున్నదో దానిని పలుకువారికే తెలియదు. మరియొక భాషలోనికి దానిని మార్చబూనినప్పుడు మాత్రమే ఆ పనులన్నియు విడివిడిగా కంటబడును.

ఆంగ్లమున 'నో' అను క్రియ అట్టిది. వార్త తెలియుటకు అదే మాట. మనుష్యుని ఎఱుగుటకు అదే మాట. భాష వచ్చుటకును అదే మాట. ఆంగ్లేయుడు ఈ మూటిని ఒకే సంచిలో వేసికొని తిరుగును. నార్వే దేశస్థునకు ఆ సౌకర్యము లేదు. వానికి మూడు క్రియలున్నవి: 'వీతె', 'హ్యెన్నె', 'కున్నె'. ఆంగ్లమునుండి నార్వే భాషలోనికి అనువదించువాడు 'నో' కనిపించిన ప్రతి తావునను ఒక క్షణమాగి, ఇది యే ఎఱుక అని ప్రశ్నించుకొనక తప్పదు.

'వీతె' సంగతులకు చెందిన క్రియ. వాన కురియుచున్నదని, ఓడ రేవు విడిచినదని, పొరుగువాని పేరు ఇది యని ఎవరికైన తెలిసినచో అక్కడ 'వీతె'. 'హ్యెన్నె' పరిచయమునకు చెందినది. మనుష్యులతోడను, ఊళ్లతోడను, గ్రంథములతోడను కలసి మెలసి యుండుటవలన కలుగు ఎఱుక యది. 'కున్నె' అభ్యాసమునకు చెందినది. భాష, పద్యము, ఈత, పాఠము ఏదైన సాధనచేత వశమైనప్పుడు ఈ క్రియ వచ్చును.

తెలుగు పాఠకునకు ఇది వింతగా తోచదు. "ఆ సంగతి నాకు తెలియును", "ఆయనను నేనెఱుగుదును", "నాకు తెలుగు వచ్చును" అని మనమును మూడు విధములుగానే చెప్పుదుము. ఆంగ్లమున ఒకటిగా కలిసిపోయిన త్రోవలు తెలుగునను నార్వే భాషలోను విడివిడిగానే నిలిచినవి. ఈ రెండు భాషలకును వంశసంబంధము లేదు, సముద్రములు అడ్డము. అయినను మానవుని ఎఱుకను ఇన్ని పాళ్లుగా పంచుటలో రెండును ఏకీభవించినవి.

ఈ పోలిక పైపైని మాత్రమే గాక కొంత లోతునకును పోవును. "ఆయన యెవరో తెలియును గాని ఆయనను ఎఱుగను" అని తెలుగువాడు చెప్పవచ్చును. నార్వే దేశస్థుడును మొదటి భాగమున 'వీతె'ను, రెండవ భాగమున 'హ్యెన్నె'ను నిలిపి ఇదే మాట చెప్పును. అందు వైరుధ్యమేమియు వానికి తోపదు. ఆంగ్లమున రెండు చోట్లను 'నో' పడుటచేత ఏవో అదనపు మాటలు చేర్చినగాని భేదము తేటపడదు. ఇక భాష విషయము: నార్వే భాషలో "నేను నార్వే భాష కున్నె" అన్నట్లే వాక్యము ముగియును, మాటలాడుట, చదువుట అను మరియొక క్రియతో పని లేదు. "నాకు తెలుగు వచ్చును" అనునపుడు మనకును వేరొక క్రియ యక్కరలేదు. ఈతకును అంతే, కంఠస్థమైన పద్యమునకును అంతే. ఈ పోలిక వలననే పాఠశాలలో ఆంగ్లము నేర్చు నార్వే బాలుడు తన 'కున్నె'కు సోదరియైన ఆంగ్ల సహాయక్రియను పట్టుకొని దోషమైన వాక్యము చేయును. మన బాలుడు 'వచ్చును' అను దానిని మాటకు మాట మార్చి, ఆంగ్లము తన యొద్దకు నడచి వచ్చినట్లు చెప్పి నవ్వులపాలగును. రెండు తప్పులకును మూలమొక్కటే: ఆంగ్లమున ఆ గది లేదు.

ఎఱుక కలుగుటను చెప్పునప్పుడును ఈ భేదము నిలుచును. సంగతి యొకటి చెవిని పడుట నార్వే భాషలో 'ఫో వీతె'; మనుష్యునితో పరిచయమగుట 'బ్లీ హ్యెంట్'; విద్యను సాధించుట 'లేరె'. మనకును తెలియవచ్చుట వేరు, పరిచయమగుట వేరు, నేర్చుకొనుట వేరు. చాలకాలమునకు కనిపించిన మిత్రుని ఆనవాలు పట్టుట 'హ్యెన్నె ఇయెన్', అనగా మరల ఎఱుగుట. నామవాచకములును ఇదే త్రోవను పోయినవి. 'వీతెన్‌స్కాప్' అనగా శాస్త్రము. 'హ్యెన్‌స్కాప్' అనగా పరిచయము. 'కున్‌స్కాప్' అనగా నేర్చి సంపాదించిన జ్ఞానము.

అయినను మూటికి మూడు సరిగా అతుకునని భ్రమపడరాదు. 'హ్యెన్నె'కు స్పర్శ, వాసన, నొప్పి మొదలగు వానిని అనుభవించుట అను అర్థము కూడ కలదు. చలి తగిలినను, గాయము సలిపినను నార్వే దేశస్థుడు దానిని 'హ్యెన్నె' యనును. ఆ తావున తెలుగు 'ఎఱుగు'ను పిలువదు. "నొప్పి తెలియుట లేదు" అని 'తెలియు'ను పిలుచును. మరియు తెలుగున సరిహద్దులు అంత గట్టివి కావు. "ఎవరికెఱుక?" అనునపుడు సంగతిని గూర్చియే 'ఎఱుక' వచ్చినది. తెలంగాణపు వాడుకలో "నాకెరుకే" అను మాట వార్తను గూర్చియు నిరాటంకముగ చెల్లును. వ్యాకరణమునను భేదమున్నది. నార్వే భాషలో మూడు క్రియలకును ఎఱుగువాడే కర్త. తెలుగున ఎఱుగుటయందు మాత్రమే మనుష్యుడు కర్త. తెలియుటయందును వచ్చుటయందును 'నాకు' అని చతుర్థిలో నిలిచి, సంగతియో విద్యయో తన యొద్దకు వచ్చుటకు ఎదురు చూచువాడు.

ఈ మూడు క్రియల పుట్టుక విచారించినచో భారతీయ పాఠకునకు మరియొక బంధుత్వము కనబడును. 1786లో కలకత్తాలోని ఆసియా సంఘమున విలియం జోన్సు సంస్కృతమునకును, గ్రీకు లాటిను భాషలకును ఏకమూలము ఉండవలెనని సూచించిన పిమ్మట ఐరోపాలో భాషాచరిత్ర కొత్త దారి పట్టెను. డెన్మార్కు దేశపు పండితుడు రాస్మస్ రాస్క్ ప్రాచీన నోర్సు భాష పుట్టుకను గూర్చిన తన గ్రంథమును 1818లో ప్రకటించి, తరువాత పారసీక దేశముమీదుగా బొంబాయికిని, సింహళమునకును వచ్చి, 1823లో కోపెన్‌హాగెనునకు మరలిపోయెను. ఇట్టివారి కృషివలన తేలిన దేమనగా, 'వీతె' యను క్రియకు వర్తమాన రూపమైన 'వేత్' సంస్కృత 'వేద' రూపమునకు సోదరి. రెండును 'చూచు' అను అర్థముగల ప్రాచీన ధాతువునుండి పుట్టినవి. చూచినవాడు గనుక తెలిసినవాడు అని దాని భావము. 'హ్యెన్నె', 'కున్నె' అనునవి మాత్రము సంస్కృత 'జ్ఞా' ధాతువునకు బంధువులు. ఆంగ్లపు 'నో'యును ఆ ఇంటిదే. కావున 'వేత్త' యనునపుడు ఒక కొమ్మను, 'జ్ఞాని' యనునపుడు మరియొక కొమ్మను తెలుగువారు దినదినమును పట్టుచునే యున్నారు.

దేశ్యమైన మన 'తెలియు' వేరు వంశమునకు చెందినది. తెలుపు, తెలివి, తేట అను మాటల కూటమిలోనిది. నీరు తేరి అడుగు కనబడినట్లు సంగతి విశదమగుటయే తెలియుట. నార్వే దేశపు క్రియ కన్నునుండి పుట్టగా, తెలుగు క్రియ వెలుగునుండి పుట్టినది. 'ఎఱుగు' తమిళ కన్నడముల 'అఱి'కి తోబుట్టువు.

ఆంగ్లమునకు ఈ దారిద్ర్యము పుట్టుకతో వచ్చినది కాదు. తొమ్మిదవ శతాబ్ది చివర ఆల్ఫ్రెడ్ రాజు కాలపు ఆంగ్లమున 'వితన్', 'క్నావన్', 'కున్నన్' అను మూడు క్రియలును జీవించియుండెను. సంగతులకు మొదటిది, గుర్తించుటకు రెండవది, పరిచయమునకును నేర్పునకును మూడవది. తరువాతి శతాబ్దులలో 'కున్నన్' తన సొంత అర్థమును విడిచి, శక్యమును తెలుపు సహాయక్రియగా ఇతర క్రియలకు ఊడిగము చేయసాగెను. 'వితన్' మెల్లగా క్షీణించెను. గుర్తించుట మాత్రమే తెలిపిన 'క్నావన్' ఆ రెండు ఖాళీలను ఆక్రమించి నేటి 'నో' అయ్యెను. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలులో 'విస్ట్', 'వాట్' అను రూపములు ఇంకను కనబడును గాని, అప్పటికే అవి ముసలివైనవి.

పోయిన క్రియలు తమ గుర్తులు విడిచిపోయినవి. చమత్కారమునకు 'విట్' అనియు, సాక్షికి 'విట్‌నెస్' అనియు ఆంగ్లేయులు నేటికిని అందురు. నార్వే భాషలో సాక్షి 'విత్నె'. మన సాక్షి శబ్దమునను కన్ను దాగియున్నది గదా! 'కన్నింగ్' అను పదము మొదట విద్య వచ్చినవానికి చెల్లి, తరువాత జిత్తులమారికి బిరుదైనది. 'అన్‌కూత్' మొదట ఎఱుగనిదని, తరువాత మోటుదని అర్థమిచ్చెను. స్కాట్లండు వాడుకలో 'కెన్' అను క్రియ మాత్రము నిలిచి యున్నది.

నార్వే దేశమున చరిత్ర వేరు విధముగ నడచినది. ప్రాచీన నోర్సు భాషలో 'వీత', 'కెన్న', 'కున్న' అని మూడు క్రియలుండెను. వానిలో 'కెన్న'కు ఎఱిగించుట, బోధించుట అను అర్థములును కలవు. ఆ కాలపు కవులు వస్తువును సూటిగా పేర్కొనక సమాసముచే ఎఱిగించు రీతికి 'కెన్నింగ్' అని పేరు. సముద్రపు గుఱ్ఱమన్నచో ఓడ యని శ్రోత గ్రహింపవలెను. ఐస్లండు దేశపు స్నోర్రి స్టుర్లుసన్ పదమూడవ శతాబ్దిలో తన ఎడ్డా గ్రంథమున ఈ అలంకారమునకు లక్షణము చెప్పెను.

పిమ్మట నార్వే డెన్మార్కుతో ఏలికను పంచుకొని, క్రమముగా తన లిఖితభాషను కోల్పోయెను. 1814లో ఆ సంబంధము తెగి, సొంత రాజ్యాంగము వచ్చినను, స్వీడనుతో మరియొక కూటమి యేర్పడి 1905 వరకు సాగెను. గ్రంథములు మాత్రము డేనిషు భాషలోనే వెలువడుచుండెను. పల్లెలలో పలుకు భాషకు గ్రంథగౌరవము లేదు. అట్టి తరుణమున ఈవార్ ఓసెన్ అను రైతుబిడ్డ 1842 నుండి 1846 వరకు దేశమంతయు తిరిగి మాండలికములను సేకరించెను. 1848లో వ్యాకరణమును, 1850లో జనభాషా నిఘంటువును, 1873లో దాని పెంపును ప్రకటించెను. నార్వే పల్లెల మాటలకు ఆయన అర్థములు వ్రాసినది డేనిషు భాషలోనే. తెలుగు పాఠకునకు ఇక్కడ 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువు స్ఫురించుట సహజము. భేదమేమనగా బ్రౌను పరదేశమునుండి వచ్చినవాడు. ఓసెన్ తన తల్లిభాషనే పరభాషలో వివరింపవలసి వచ్చినవాడు.

క్నూద్ క్నూద్‌సెన్ అను ఉపాధ్యాయుడు మరియొక మార్గము చూపెను. డేనిషు లిపిరూపమునే మెల్లగా నార్వే ఉచ్చారణకు అనుగుణముగ మార్చవలెనని ఆయన మతము. 1885లో నార్వే శాసనసభ రెండు రూపములకును సమానస్థానమిచ్చెను. 1929లో వానికి 'బూక్మోల్', 'నీనోర్స్క్' అను నేటి పేర్లు అధికారికముగ నిలిచినవి. ఈ రెండు పక్షములవారును అక్షరములను గూర్చియు, ప్రత్యయములను గూర్చియు తరతరములుగా వాదించిరి. ఒక పక్షమున 'వేత్' అన్నచో మరియొక పక్షమున 'వైత్' అందురు. కాని మూడు క్రియలను రెండు చేయవలెనని గాని, ఒకటి చేయవలెనని గాని యెవరును తలపెట్టలేదు. రూపమును గూర్చి పోరాడినవారు అర్థవిభాగమును మాత్రము చేయి తాకనీయలేదు. గ్రాంథిక వ్యావహారిక వివాదమును చూచిన తెలుగు రచయితలకు ఈ సంగతి ఆలోచింపదగినది. వ్రాత మారును, పలుకుబడి లోతున నున్న విభజన నిలుచును.

ఆ విభజన కరగిపోవు సందర్భము మరియొకటి వచ్చెను. 1825లో స్టావాంగెర్ రేవునుండి 'రెస్టవ్రాషోన్' అను చిన్న యోడ నార్వే వలసవారిని అమెరికాకు చేర్చినది మొదలు, ఒక శతాబ్దిలో ఎనిమిది లక్షలకు పైగా జనులు ఆ త్రోవను పోయిరి. వారు ఇంట మూడు క్రియలతోను, వీథిలో ఒక క్రియతోను బ్రదుకవలసి వచ్చెను. అట్టి వలస కుటుంబమున అమెరికాలో పుట్టిన ఐనార్ హౌగెన్ ఆ ద్విభాషా జీవితమును 1953లో తన గ్రంథమున వివరించి, 1965లో నార్వే–ఆంగ్ల నిఘంటువును వెలువరించెను. నార్వే భాషయొక్క రెండు రూపములును అందు ఒకే కప్పు క్రింద చేరినవి.

భారతదేశ భాషాచరిత్రలోను నార్వేవారి చేయి ఉన్నది. గ్రియర్సను పర్యవేక్షణమున వెలువడిన భారత భాషా పరిశీలనములో ముండా ద్రావిడ భాషలకు సంబంధించిన నాలుగవ సంపుటమును 1906లో సిద్ధపరచినవాడు స్టెన్ కోనో అను నార్వే పండితుడు. ఆ సంపుటమున తెలుగునకును స్థానము కలదు. సంతాలు పరగణాలలో నివసించిన బోడింగ్ అను మరియొక నార్వే దేశస్థుడు సంతాలీ పదములకు ఆంగ్లమున అర్థములు వ్రాసి 1929 నుండి 1936 వరకు ఐదు సంపుటముల నిఘంటువును ప్రకటించెను. మూడు క్రియల ఇంట పుట్టినవారు మన దేశపు మాటలను ఒక క్రియగల భాషలో వివరించిరన్నమాట.

ఇదంతయు పదవ్యుత్పత్తి ప్రియులకు మాత్రమే కాలక్షేపమని తోచవచ్చును. కాని సాహిత్యానువాదమున దీనివలన కలుగు లాభనష్టములు చిన్నవి కావు. నార్వే సాహిత్యము భారతీయ భాషలకు ఎక్కువగా ఆంగ్లముద్వారమున వచ్చినది. ఇబ్సెను నాటకము 'బొమ్మల ఇల్లు' 1879లో వెలువడగా, విలియం ఆర్చరు ఆంగ్లానువాదము 1889లో లండనులో రంగమెక్కెను. ఆ నాటకమున నోరా తండ్రి సంతకమును తానే వ్రాసి రహస్యముగా అప్పు చేసినది. భర్త ప్రాణమును నిలుపుటకై చేసిన పని యది. మొదటి రెండంకముల ఉత్కంఠ అంతయు ఆ సంగతి భర్తకు తెలియునా, తెలియదా అనుటయందున్నది. మూడవ అంకమున సంగతి తెలిసినది. అంతటితో ఒక ప్రశ్న ముగిసి మరియొక ప్రశ్న మొదలగును: ఎనిమిదేండ్లు కాపురము చేసిన ఈ మనుష్యుని తాను ఎఱుగుదునా? మొదటి ప్రశ్న 'వీతె'కు చెందినది. రెండవది 'హ్యెన్నె'కు చెందినది. నాటకపు మలుపు ఆ రెండింటి నడుమ నున్నది.

ఆంగ్లానువాదకుడు రెండు తావులను 'నో' అని వ్రాసినను దోషము లేదు. అతని భాష అంతమాత్రమే యిచ్చును. నటుని స్వరమును, సన్నివేశబలమును తక్కినది పూర్తి చేయును. కాని ఆ ఆంగ్లమును చేతబట్టిన తెలుగు అనువాదకుడు రెండు చోట్లను 'తెలుసు' అని వ్రాసినచో జరుగునది వేరు. మూలమున భేదమున్నది, తెలుగున భేదమున్నది, నడుమనున్న వంతెన ఇరుకగుటచేత మాత్రమే భేదము పోయినది. "ఆయనకు అన్నియు తెలిసినవి, అయినను ఆయన నన్నెఱుగడు" అని చెప్పగల భాష తనకుండగా, అనువాదకుడు అప్పు తెచ్చుకొన్న పేదరికమును అనుభవించును. ఈ వాక్యము నాటకములోనిది కాదు. నాటకపు ప్రాణము తెలుగులో ఎంత సులభముగ ఇముడునో చూపుటకు కూర్చినది.

ఇందుకు ప్రతిగా ఆంగ్లమునకు కల లాభమును గుర్తింపవలెను. ఒకే పదమున మూడర్థములు నిలుచుటచేత ఆంగ్లకవి వానిని ఒకదానిపై ఒకటి నీడలుగా పరవగలడు. సంగతి తెలియుటయు, మనుష్యుని ఎఱుగుటయు వేరు కావని పాఠకుని ఒక్క క్షణము భ్రమింపజేయగలడు. హీబ్రూ భాషలోని ఒక ధాతువు తెలియుటను, ఎఱుగుటను, దాంపత్యమును కూడ సూచించునది. 1611 నాటి ఆంగ్లానువాదము ఆ వ్యాప్తినంతయు 'నో' యను ఒక్క క్రియతో మోయగలిగెను. నార్వే అనువాదకునకు అట్టి తావున 'వీతె' పనికిరాదు. మరియొక క్రియనో, మరియొక పలుకుబడినో వెదకుకొనవలెను. స్పష్టత గల భాష కొన్నిచోట్ల ధ్వనిని కోల్పోవును. ధ్వని గల భాష కొన్నిచోట్ల స్పష్టతను కోల్పోవును. ఏ భాషయు సంపూర్ణముగ ధనికము కాదు, దరిద్రమును కాదు.

సంభాషణలో పలుమారు వచ్చు ఊతపదముగా 'నో' కనిపించినపుడు నార్వే అనువాదకుడు ఆ మూడు క్రియలను సైతము ప్రక్కకు నెట్టును. వినువానికి కూడ తెలిసిన సంగతియే అని సూచించుటకు 'యూ' అను చిన్న అవ్యయమొకటి వారికున్నది; దానిని వాక్యము నడుమ నుంచినచో చాలును. మన 'కదా' దానికి మిక్కిలి దగ్గరది. క్రియకు క్రియ యను లెక్క ఇక్కడ చెల్లదు. పలుకు చేయు పనికి సరియైన పని చేయు పలుకు కావలెను.

అనువాదకుడు ఒక పదమునకు ఒక పదమని నిర్ణయించుకొని కూర్చుండినచో అతని పని త్వరగా సాగును, రచన చప్పబడును. మూలమున నున్నవాడు చూచి తెలిసికొన్నాడా, కలసి బ్రదికి ఎఱిగినాడా, శ్రమించి వశపరచుకొన్నాడా అని ప్రతి తావునను విచారించుట ఆలస్యమునకు కారణమగును. కాని ఆ విచారణయే అనువాదము. ఆంగ్లము చూచి తెలుగు చేయువానికి నార్వే భాష ఒక్క ముక్కయు రాకపోవచ్చును. అయినను 'నో' వెనుక మూడు తలుపులున్నవని తెలిసినచో చాలును. ఆ తలుపుల తాళములు ఏనాటినుండియో తెలుగింటనే యున్నవి.